పొగమంచు ఎందుకు వేశారు?

పోయిన నెల మన కార్యవర్గ సమావేశం అయ్యాక టీ తాగుతుంటే ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడా, రాత్రి పదకొండు దాటాక లైటు ఆర్పేసి, చెవులకు అవేవో పెట్టుకుని దెయ్యాల ఆట ఆడుతున్నాడండీ. వెనక నిలబడి చూశాను. అందులో ఏమీ జరగట్లేదు. ఒకడు ఖాళీ వీధిలో నడుస్తుంటాడు, అంతే. వీడు మాత్రం బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఏమిటండీ ఇది?" అన్నారు.

నేను ఇక్కడ రాసేవన్నీ వలసలూ, పేటల పేర్లూ, పాత బళ్ళ కథలూ. కంప్యూటరు ఆటలు నాకు పట్టవు. కానీ ఆయన అన్న "ఏమీ జరగట్లేదు" అనే మాట నన్ను వదల్లేదు. ఏమీ జరగకుండా మనిషిని కుర్చీకి అతుక్కుపోయేలా భయపెట్టడం సామాన్యమైన పని కాదు. నాలుగు వారాలు మా తమ్ముడి కొడుకు పక్కన కూర్చుని చూశాను, దొరికినంత చదివాను. ఆయనకు చెప్పాల్సిన జవాబు పొడుగైపోయింది. అందుకని ఇక్కడే రాస్తున్నాను. ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందు ఒక తేడా చెప్పాలి. తలుపు చాటునుంచి ఎవరో "భౌ" అంటే ఉలిక్కిపడతాం. అది ఉలికిపాటు. క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది, తర్వాత నవ్వు కూడా వస్తుంది. అర్ధరాత్రి పెరట్లో ఏదో చప్పుడైతే, మంచం మీద కళ్ళు తెరుచుకుని రెండో చప్పుడు కోసం ఎదురుచూస్తామే, అది గుబులు. ఈ ఆటల్లో మంచివి చేసేది గుబులు వ్యాపారం. వీటిని సర్వైవల్ హారర్ అంటారు. శత్రువులను చంపి గెలవడం కంటే, ఉన్న నాలుగు వస్తువులతో ప్రాణం దక్కించుకుని బయటపడటం ముఖ్యమైన ఆటలన్నమాట.

కథ జపానులో 1989లో మొదలవుతుంది. క్యాప్‌కామ్ అనే కంపెనీ ఫామికామ్ అనే చిన్న యంత్రం కోసం స్వీట్ హోమ్ అనే ఆట చేసింది. అదే పేరుతో కియోషి కురొసావా తీసిన సినిమా దానికి ఆధారం. (సెవెన్ సమురాయ్ తీసిన కురొసావా వేరు, ఈయన వేరు. నేనూ మొదట పొరపడ్డాను.) చనిపోయిన ఒక చిత్రకారుడి పాడుబడ్డ భవంతిలోకి ఆయన గోడచిత్రాల కోసం అయిదుగురు వెళ్తారు. ఒకరి దగ్గర లైటరు, ఒకరి దగ్గర కెమెరా, ఒకరి దగ్గర మందుల పెట్టె, ఇలా తలా ఒక వస్తువు. మోయగలిగేది చాలా తక్కువ. ఒకరు చనిపోతే ఇక చనిపోయినట్టే, తిరిగి రారు. చివరికి ఎంతమంది మిగిలారన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది. బొమ్మలు చూస్తే ఇవాళ్టి పిల్లలు నవ్వుతారు, గళ్ళ నోటుపుస్తకంలో రంగులు పూసినట్టుంటాయి. అయినా దర్శకుడు టోకురో ఫుజివారా ఒక సంగతి పట్టుకున్నాడు. ఆడేవాడి దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువ పడుతుండాలి. ఈ ఆటను జపాను బయట అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు. అందుకే దీని పేరు చాలామందికి తెలియదు.

మూడేళ్ళ తర్వాత, 1992లో, ఫ్రాన్సులో ఇన్ఫోగ్రామ్స్ కంపెనీలో ఫ్రెడెరిక్ రేనాల్ అనే యువకుడు అలోన్ ఇన్ ది డార్క్ చేశాడు. అందులోనూ ఒక పాత భవంతే. ముందే గీసి పెట్టిన గదుల బొమ్మల మీద పలకలు పలకలుగా ఉన్న మనుషులు కదులుతారు. కెమెరా మన వెంట రాదు, గది మూలనుంచి, కిటికీ బయటినుంచి మనల్ని చూస్తూ ఉంటుంది. ఆట మొదట్లోనే మనం అటక మీద ఉంటాం. బీరువాను నెట్టి కిటికీకి అడ్డం పెట్టకపోతే దానిలోంచి ఒకటి లోపలికొస్తుంది. ఇది ఎవరూ చెప్పరు. మా వాడు చూపించినప్పుడు నాకు నచ్చింది ఇదే: కత్తి కంటే ముందు బీరువా నెట్టడం. భయపడ్డ మనిషి నిజంగా చేసే పని అది.

1996 మార్చిలో ప్లేస్టేషన్ మీద రెసిడెంట్ ఈవిల్ వచ్చింది. జపానులో దాని పేరు బయోహజార్డ్. షింజీ మికామీ దీన్ని మొదలుపెట్టింది స్వీట్ హోమ్‌ను కొత్త యంత్రం మీద మళ్ళీ చేద్దామని. సర్వైవల్ హారర్ అన్న మాటను జనంలోకి తెచ్చింది కూడా ఈ ఆటే. ఇందులో తుపాకీ ఉంటుంది కానీ తూటాలు లెక్కగా ఉంటాయి. జేబులో క్రిస్ అనే పాత్రకు ఆరు వస్తువులే పడతాయి, జిల్‌కు ఎనిమిది. ఆడినంతవరకు భద్రం చేసుకోవాలంటే టైపురైటరు దగ్గరికి వెళ్ళాలి, అందులోకి సిరా రిబ్బను ఉండాలి, ఆ రిబ్బన్లూ లెక్కే. టైపు ఇన్‌స్టిట్యూటుకు వెళ్ళిన మన తరం వాళ్ళకు ఇది చెబితే నవ్వుతారేమో, ఒక రిబ్బను ఖర్చు పెట్టాలా వద్దా అని మనిషి చెమటలు పట్టడం!

ఇందులో తలుపుల సంగతి చెప్పాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేటప్పుడు తెర మొత్తం నల్లబడి, తలుపు ఒక్కటే కనబడి, కిర్రుమంటూ నెమ్మదిగా తెరుచుకుంటుంది. అది అలంకారం కోసం పెట్టింది కాదు. ఆ కొన్ని క్షణాల్లో యంత్రం డిస్కునుంచి తర్వాతి గదిని చదువుకుంటోంది. యంత్రం నెమ్మదితనాన్ని దాచడానికి వేసిన తెర అది. కానీ ఆడేవాడికి ఏమైంది? ప్రతి గడప దగ్గరా, అవతల ఏముందో తెలియకుండా కొన్ని క్షణాలు నిలబడాల్సి వచ్చింది. గుబులుకు అంతకంటే ఏం కావాలి?

ఇలా యంత్రానికి చేతకాని పనిలోంచి భయాన్ని పుట్టించడం మూడేళ్ళ తర్వాత పూర్తి కళగా మారింది. అక్కడే నేను ఎక్కువసేపు ఆగుతాను.

రెసిడెంట్ ఈవిల్ బాగా అమ్ముడయ్యాక, అలాంటిదే అమెరికాలో ఆడే ఆట ఒకటి కావాలని కొనామీ అనే కంపెనీ 1996లో పని మొదలుపెట్టింది. ఆ పని అప్పగించిన బృందంలో వేరే పనుల్లో పెద్దగా రాణించని వాళ్ళు చాలామంది ఉన్నారని చెబుతారు. కొన్నాళ్ళకు పైవాళ్ళకు దాని మీద నమ్మకం పోయింది. పట్టించుకునేవాడు లేకపోవడంతో వాళ్ళు మొదటి ప్రణాళికను పక్కనపెట్టి తమకు నచ్చింది చేశారు. దర్శకుడు కేయిచిరో టొయామా. అందులోని చలనచిత్ర దృశ్యాలన్నీ టకయోషి సాతో అనే ఒక్క మనిషి చేశాడు. తోటివాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక ఖాళీగా ఉన్న వాళ్ళ కంప్యూటర్లన్నిటికీ రాత్రంతా పని పెట్టేవాడు. 1999లో ఆట బయటికొచ్చింది. పేరు సైలెంట్ హిల్.

రెసిడెంట్ ఈవిల్‌లో గదులు బొమ్మలే కాబట్టి యంత్రం మనుషులను గీస్తే చాలు. సైలెంట్ హిల్ వాళ్ళు ఒక ఊరు మొత్తాన్ని, మనం నడుస్తుంటే అప్పటికప్పుడు గీయించాలనుకున్నారు. ప్లేస్టేషన్‌లో ప్రధాన జ్ఞాపకం రెండు మెగాబైట్లు. మీ ఫోనులో తీసే ఒక ఫోటో అంతకంటే పెద్దది. ఊరంతా గీయడం దాని వల్ల కాదు. నాలుగు అడుగుల అవతల ఉన్న ఇల్లు అప్పుడే గాల్లోంచి ఊడిపడ్డట్టు కనబడుతుంది. అప్పట్లో మిగతావాళ్ళకూ ఈ ఇబ్బంది ఉండేది, వాళ్ళూ దూరాన్ని పొగమంచుతో కప్పేవారు. 1997లో వచ్చిన టూరాక్ అనే డైనోసార్ల వేట ఆటలో ఆ మంచు చూసి జనం వెక్కిరించారు, అడవి ఏదని అడిగారు.

టొయామా బృందం ఆ మంచునే ఊరుగా చేసింది. కాలం కాని కాలంలో మంచు కురుస్తున్న చిన్న ఊరు, వీధుల్లో మనిషి జాడ లేదు. హ్యారీ మేసన్ అనే ఒక రచయిత, సైనికుడూ పోలీసూ కాడు, తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ నడుస్తాడు. పరిగెత్తితే ఆయాసం వస్తుంది. గోడకు తగిలితే చేతులు ముందుకు పెట్టి ఆపుకుంటాడు. తుపాకీ పేలిస్తే సగం గురి తప్పుతుంది. పది గజాల అవతల ఏముందో మనకూ తెలియదు, యంత్రానికీ తెలియదు. ఆ వీధులకు పెట్టిన పేర్లు చూడండి: బ్రాడ్‌బరీ, బ్లాక్, మాథెసన్. అన్నీ భయం కథలూ వింత కథలూ రాసిన అమెరికన్ రచయితల పేర్లు. పేటల పేర్ల మీద పిచ్చి ఉన్న నాకు ఇది కనబడగానే ఆ బృందం మీద అభిమానం కలిగింది.

కళ్ళకు మంచు కప్పేశాక మిగిలింది చెవి. మొదట్లోనే హ్యారీకి ఒక చిన్న రేడియో దొరుకుతుంది. అందులో ఏ స్టేషనూ రాదు. దగ్గర్లో ఏదైనా ఉంటే మాత్రం గరగరమంటుంది. ఏదో ఉందని చెబుతుంది, ఎటువైపో చెప్పదు.

ఈ గరగర మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకు కొత్త కాదు. బెంగళూరులో కూర్చుని రాత్రిపూట విజయవాడ స్టేషను పట్టుకోవడానికి మా నాన్న మర్ఫీ రేడియో ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ ఉండేవారు. రెండు స్టేషన్ల మధ్య ఆ ఖాళీలో వచ్చే హోరు, దాని అడుగున ఎక్కడో ఒక గొంతు ఉందా లేదా అన్న అనుమానం. మేం ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. మాకు అది తెలుగు కోసం ఎదురుచూపు, హ్యారీకి మరొకటి. చెవి చేసే పని మాత్రం ఒక్కటే. నేను శబ్దం ఎక్కువైందని తగ్గించబోతే మా వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "తగ్గించొద్దు పెదనాన్నా, ఇది చూసే ఆట కాదు, వినే ఆట" అన్నాడు.

ఆ శబ్దాలు చేసినవాడు అకిరా యమావోకా. ఇనుప రేకులు రాసుకున్నట్టు, ఫ్యాక్టరీలో ఏదో తిరుగుతున్నట్టు, పంటివైద్యుడి దగ్గర యంత్రంలా ఉంటాయి. మొదటిసారి వినిపించినప్పుడు తోటివాళ్ళు ఇది సంగీతమని అనుకోలేదట, ఆటలో ఏదో లోపం వచ్చి అలా మోగుతోందనుకున్నారట. యుద్ధకాలపు సైరను ఒకటి మోగుతుంది, ఊరు చీకటిపడి గోడలు తుప్పుపడతాయి. ఆ తర్వాత మళ్ళీ ఏమీ ఉండదు. చాలాసేపు ఏమీ ఉండదు. ఆ "ఏమీ" కోసమే వాళ్ళు అంత శ్రమపడ్డారు.

2001లో రెండో భాగం వచ్చింది, మసాషి త్సుబొయామా దర్శకత్వంలో. మన పెద్దాయన మనవడు ఆడుతున్నది దీన్నే, కొత్త రూపంలో. జేమ్స్ అనే అతనికి భార్య దగ్గరినుంచి ఉత్తరం వస్తుంది, మనకు ఇష్టమైన చోట ఎదురుచూస్తున్నానని. ఆమె చనిపోయి మూడేళ్ళయింది. అతను ఆ ఊరికి వెళ్తాడు. మొదట ఒక అడవి దారి. దిగుతూ ఉంటాడు, దిగుతూనే ఉంటాడు. కొన్ని నిమిషాలపాటు మంచు, అడుగుల చప్పుడు, అంతకు మించి ఒక్కటీ జరగదు. వెనక్కి తిరిగి వెళ్దామన్నా దూరం వచ్చేశామనిపిస్తుంది. పెద్దాయన వెనక నిలబడి చూసింది సరిగ్గా ఇలాంటి చోటే అయ్యుండాలి.

ఇందులో ఇంకొక రహస్యం ఉంది. ముగింపు మనం ఎంచుకునేది కాదు, మనకు తెలియకుండా మనం ఎలా ప్రవర్తించామో ఆట లెక్కపెట్టుకుంటుంది. గాయాలు తగిలినా వైద్యం చేసుకోకుండా తిరిగామా, ఒక దిగులుపడ్డ అమ్మాయి వదిలేసిన కత్తిని తీసి తీసి చూశామా, ఇలాంటివి. ప్రాణం మీద ఆశ లేనివాడిలా ఆడితే ముగింపు కూడా అలాగే ఉంటుంది. ఈ ఆటలో ఉన్నది దుఃఖం. దెయ్యాల ఆట అని కొట్టిపారేసే ముందు ఈ మాట గుర్తుంచుకోమని మనవి. అయితే చిన్నపిల్లలకు మాత్రం ఇది తగదు. పదిహేడు, పద్దెనిమిది ఏళ్ళు దాటినవాళ్ళకే అని డబ్బా మీదే రాసి ఉంటుంది, ఆ రాత సరైనదే.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను. అదే 2001లో టెక్మో కంపెనీ ఫేటల్ ఫ్రేమ్ చేసింది. జపాను పాత ఇల్లు, చేతిలో ఆయుధం ఒక్క కెమెరా. దెయ్యాన్ని ఎంత దగ్గరికి రానిస్తే ఫోటో దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. పారిపోవాలనిపించే చోట నిలబడి చూడాలి, ఎంత దుర్మార్గమైన ఆలోచనో చూడండి. ఆ తర్వాత కొన్నేళ్ళు ఈ రకం ఆటలు తుపాకుల మోత వైపు జరిగిపోయాయి. మళ్ళీ వెనక్కి లాగింది స్వీడనులోని హెల్సింగ్‌బోరి పట్నంలో ఉన్న చిన్న బృందం, ఫ్రిక్షనల్ గేమ్స్. 2010లో వాళ్ళు చేసిన అమ్నీషియాలో అసలు ఆయుధమే లేదు. లాంతరు ఉంది, నూనె తక్కువ. చీకట్లో దాక్కుంటే రాక్షసుడికి కనబడవు, కానీ చీకట్లో ఉన్నకొద్దీ నీ మతి తప్పుతుంది. వెలుగులోకి వస్తే అది చూస్తుంది. ఒకచోట నీళ్ళు నిండిన నేలమాళిగ ఉంటుంది. అందులో ఉన్నది మనకు ఎప్పటికీ కనబడదు. నీళ్ళలో దాని అడుగులు పడే చప్పుడు మాత్రం మన వెనక వస్తుంటుంది. అది చూశాక నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాలంటే లైటు వేసుకున్నాను, అరవై రెండేళ్ళ వయసులో. 2014లో ఇంగ్లండులో చేసిన ఏలియన్: ఐసొలేషన్‌లో ఇంకో ఉపాయం చేశారు. ఆ జంతువుకు రెండు బుద్ధులు పెట్టారు. ఒకదానికి మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుసు, కానీ అది సుమారుగా అటు వెళ్ళమని మాత్రమే చెబుతుంది. రెండోది నిజంగా కళ్ళతో చెవులతో వెతుక్కోవాలి. అందుకే అది ఎప్పుడూ మన చుట్టుపక్కలే తిరుగుతుంది, తిన్నగా మన మీదికి రాదు.

ఇప్పుడు నన్ను ఈ వ్యాసం రాయించిన అసలు సంగతికి వస్తాను.

2012లో కొనామీ రెండో, మూడో సైలెంట్ హిల్ ఆటలను కొత్త యంత్రాలకు స్పష్టంగా చేసి అమ్మాలనుకుంది. ఆ పని తీసుకున్న బృందానికి కంపెనీ తన దగ్గరున్న మూల ప్రోగ్రామును ఇచ్చింది. తీరా చూస్తే అది తుది ప్రతి కాదు. అమ్మకానికి వెళ్ళిన ఆట తాలూకు తుది రాతప్రతిని ఎవరూ దాచలేదు. పదకొండేళ్ళ కిందట పాతవాళ్ళు దిద్దేసిన తప్పులన్నీ మళ్ళీ మొదటినుంచి దిద్దుకోవాల్సి వచ్చింది. ఇంకొకటి కూడా జరిగింది. మంచు పలచబడింది. సరస్సులో పడవ నడిపే చోట నీళ్ళ అంచు, దాని అవతల ఏమీ గీయని ఖాళీ, పచ్చిగా కనబడిపోయాయి. ఊరు అక్కడితో అయిపోతుందని తెలిసిపోయింది. స్పష్టత అమ్ముదామనుకున్నవాళ్ళు, ఆ ఆట ఏ ఒక్కదాని మీద నిలబడిందో దాన్నే తుడిచేశారు. చివరికి 2002లో వచ్చిన కంప్యూటరు ప్రతిని పట్టుకుని, అభిమానులే జీతం లేకుండా ఏళ్ళ తరబడి కూర్చుని దాన్ని మరమ్మతు చేశారు. ఇవాళ పాత ఆట ఉన్నదున్నట్టు ఆడాలనుకునేవాళ్ళలో చాలామంది వాళ్ళ ప్రతినే ఆడుతున్నారు.

రెండేళ్ళకు, 2014 ఆగస్టులో, పీ.టీ. అనే చిన్న ఆట ప్లేస్టేషన్ దుకాణంలో ఉచితంగా కనబడింది. చేసినవాళ్ళంటూ వేసిన కంపెనీ పేరు కూడా కల్పితమే. ఒక ఇంట్లో మలుపు తిరిగే ఒక్క వరండా. చివరి తలుపు తెరిస్తే మళ్ళీ అదే వరండా మొదట్లో ఉంటాం. ప్రతిసారీ ఏదో ఒకటి కొద్దిగా మారి ఉంటుంది. రేడియోలో ఎవరో వార్తలు చదువుతుంటారు. హిడెయో కొజిమా, సినిమా దర్శకుడు గియెర్మో డెల్ టోరో కలిసి చేయబోయే కొత్త సైలెంట్ హిల్‌కు అది ముందు రుచి అని ఆడినవాళ్ళకు చివర్లో తెలిసింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో ఆ పెద్ద ఆటను కొనామీ రద్దు చేసి, ఈ చిన్నదాన్ని దుకాణంలోంచి తీసేసింది. తర్వాత మళ్ళీ దింపుకునే దారి కూడా లేకుండా పోయింది. అది ఎవరి యంత్రంలో ఉండిపోయిందో ఆ యంత్రాలను జనం ఎక్కువ ధరకు అమ్ముకున్నారు, కొన్నారు. ఈ రకం ఆటల్లో గొప్పదని చాలామంది చెప్పే వరండా ఇప్పుడు పాతబడుతున్న కొన్ని పెట్టెల్లో మాత్రమే ఉంది. ఆ పెట్టెలు ఒక్కొక్కటే పాడవుతాయి.

మన సంఘం గదిలో పాత నాటకాల కేసెట్ల అట్టపెట్టె ఒకటి ఉండేదని మీలో కొందరికి గుర్తుండాలి. నేను కార్యదర్శిగా ఉన్న రోజుల్లోనే అది చెమ్మ పట్టి పోయింది. పారేయమని చెప్పినవాణ్ణి నేనే. కొనామీ మీద కోపం వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుకొచ్చి కాస్త తగ్గాను.

పెద్దాయన మనవడు ఆడుతున్నది 2024 అక్టోబరులో వచ్చిన కొత్త రూపం. పోలండులోని క్రాకో నగరంలో ఉన్న బ్లూబర్ టీమ్ అనేవాళ్ళు ఆ రెండో ఆటను మొదటినుంచి మళ్ళీ కట్టారు. ఇప్పటి యంత్రం ఊరంతా గీయగలదు, చివరి ఇంటి కిటికీ దాకా చూపించగలదు. అయినా వాళ్ళు మంచు వేశారు. అప్పట్లో మంచు వేసింది యంత్రానికి పని తగ్గించడానికి. ఇప్పుడు ఆ మంచు అలలుగా కదలడానికి, దీపం వెలుగు దానిలో చెదరడానికి యంత్రం ఎక్కువ కష్టపడాల్సి వస్తోంది. మా తమ్ముడి కొడుకు కంప్యూటరు వెనక చెయ్యి పెట్టి చూపించాడు, గాలి వేడిగా తగిలింది.

ఈ ఆదివారం పెద్దాయన వాళ్ళింటికి వెళ్తున్నాను. మనవడు మా ఇద్దరి కోసం మళ్ళీ ఉత్తరం దగ్గరినుంచి మొదలుపెడతానన్నాడు. లైటు ఆర్పడానికి పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు.